నిద్రపోయే క్రిములు

దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, మిల్లు షిఫ్టుకు పోగలుగుతున్నాను, ఇంకా నాలుగు నెలలు మాత్రలెందుకని క్షయరోగులు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు క్రిమి పెరిగే వేగంలో ఉంది.

పాలకోవాకు పేరుపడ్డ శ్రీవిల్లిపుత్తూరు వారికి పాల సంగతి నేను చెప్పాలా? రాత్రి తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగు. సూక్ష్మజీవులు కొన్ని అంత చురుకైనవి. పేగుల్లో ఉండే ఈ.కోలై అనుకూలమైన చోట 20 నిమిషాలకే రెండవుతుంది. క్షయ క్రిమికి సుమారు 20 గంటలు కావాలి. అందులోనూ కొన్ని పెరగడం దాదాపు మానేసి ఊపిరితిత్తుల్లో పడుకుంటాయి. మన మందుల్లో చాలావరకు, క్రిమి గోడ కట్టుకునేటప్పుడో రెండుగా చీలేటప్పుడో దెబ్బ కొట్టేవి. పని మానుకున్నదాన్ని అవి అంతగా తాకలేవు.

కోవిల్‌పట్టి నల్లరేగడిలో తుంగ పీకినవారికి ఇది తెలిసిందే. పైన పచ్చదనం పోతుంది, గడ్డ లోపలుంటుంది, వాన పడితే మళ్లీ మొలుస్తుంది.

1944లో జోసెఫ్ బిగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు, చీము పట్టించే స్టాఫిలోకోకస్ క్రిముల్లో పెన్సిలిన్‌కు చావనివి కొన్ని మిగలడం గమనించారు. వాటి సంతతి మాత్రం అదే మందుకు మామూలుగా చచ్చింది. అంటే అవి మందును జయించలేదు, తప్పించుకున్నాయి. ఆ జాతిలోనే ఇంకో రకం, శక్తి తయారుచేసుకునే ఏర్పాటు దెబ్బతిని నెమ్మదిగా పెరుగుతూ మన కణాల లోపలే దాక్కుంటుంది. ఎముకలో చీము మానినట్లే మాని ఏళ్ల తర్వాత తిరిగి రావడానికి ఇదొక కారణం. పరీక్ష పళ్లెంలో సూదిమొనంత చుక్కల్లా ఉంటుంది. ఒక్కరోజు చూసి పారేస్తే దొరకదు. కనుక అదే చోట మళ్లీ పుండు లేస్తే పాత చీటీలు కూడా డాక్టరుకు చూపండి.

ఇక క్షయ. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. ఇంట్లోనే ఉండి మందులు తీసుకున్న పేదలకు, శానిటోరియంలో చేరినవారితో సమానంగా నయమవుతుందని 1959లో లోకానికి చూపింది. అప్పుడు చికిత్స ఏడాది. నిద్రపోయే క్రిములను కూడా చంపగల రిఫాంపిసిన్, పైరజినమైడ్ చేరాక అది 6 నెలలకు దిగింది. మందులకు లొంగే మామూలు క్షయకు మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. మేలుకొని ఉన్న క్రిములు తొలి వారాల్లోనే చాలావరకు చస్తాయి. దగ్గు తగ్గేది అందుకే. తక్కిన నెలలు ఆ తుంగగడ్డల కోసం.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా అదే రోజు వెళ్లి చెప్పండి. మందు ఆపడమో మార్చడమో డాక్టరు చూసుకుంటారు. మూత్రం ఎర్రగా వస్తే మాత్రం బెదరకండి, అది రిఫాంపిసిన్ రంగు.