డిజైను కళాశాలలో మన బిడ్డలకు చోటు

1958లో అమెరికా దేశపు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వమునకిచ్చిన నివేదికలో మన చెంబు రూపమును ఎంతగానో కొనియాడిరి. దాని ఫలముగా 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలసినది. పనివాని నేర్పును మెచ్చి పుట్టిన విద్యలో పనివాని బిడ్డకు చోటుండవలదా?

2006 నాటి చట్టము కేంద్ర విద్యాసంస్థలలో షెడ్యూల్డు కులములకు 15, తెగలకు 7.5, ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతము సీట్లు కేటాయించినది. అయితే సీటుతోనే పని తీరదు. ప్రవేశ పరీక్షను మాతృభాషలో వ్రాయనీయవలెను. పడుగు అతుకుట, జాకార్డు అట్టలు కొట్టుట ఎరిగిన చేతికి మార్కులుండవలెను. అనుభవము గల నేతగానిని ఉపాధ్యాయునిగా పిలువవలెను. అన్ని వర్గములను చేర్చుకొన ప్రణాళికలు వేయు కళాశాలలకు ఇది మా విన్నపము.

ఇక మన వంతు. వెనుకబడిన తరగతుల కేంద్ర జాబితా రాష్ట్రమునకొక తీరుగా నుండును. కావున పరరాష్ట్రములలో స్థిరపడిన మనము మన కులము పేరు అక్కడి జాబితాలో ఎట్లున్నదో చూచుకొని, కేంద్ర నమూనాలో, సంపన్న శ్రేణికి చెందమను ధ్రువపత్రమును గడువులోగా పొందవలెను. ఆడపిల్లలను గూడ పరీక్షకు పంపవలెను. ఎవరో గీసిన నమూనాను కూలికి నేయుటయే మన బిడ్డల వంతు కారాదు.