ఊరి నాటకములో పద్యము



శ్రీరామనవమి పందిరికి రాటలు నాటకమునుపే మన గ్రామములలో నాటకపు మాట మొదలగును. చందా యెంత పోగగును, హార్మోనియము వాయించు నాతడెవరు, కృష్ణవేషము నెవరికీయవలెను అను నీ మూడు ప్రశ్నలమీదనే రచ్చబండకడ ప్రొద్దు గడచును. మా యూరి నాటక సమాజమునకు చిరకాలము లెక్కలు వ్రాసినవాడను గనుక, పాండవోద్యోగ విజయములను ఊరివారే ఆడుకొనుటయందలి కష్టసుఖములను మనవి చేసికొందును.

తెలుగున ఆధునిక నాటకము నిలదొక్కుకొన్నది ఎక్కువగా అభిలాష గలవారివలననే. ధార్వాడ నాటక సమాజమువారి ప్రదర్శనములను చూచిన పిదప 1880లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున విద్యార్థులచే నాటకము లాడించిరి. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు ప్లీడరు వృత్తిలో నుండియే సరసవినోదినీ సభను నడపిరి. వారి చిత్రనళీయము 1887లో రంగమెక్కెను. వీరందరును తమ తమ పనులు చూచుకొనుచునే నాటకమునకు పూనుకొన్నవారే.

తిరుపతి వేంకటకవులు భారతకథను ఆరు నాటకములుగా వ్రాసిరి. వానిలో పాండవోద్యోగమును, పాండవ విజయమును గలిపి ఒక్క రాత్రిలో ఆడుట వాడుకయైనది. ఇందు కృష్ణునికి పద్యములు మెండు. తెల్లవారువరకు ఒక్క గొంతు నిలుచుట కష్టము. అందుచే పడకసీనున కొకరు, రాయబారమున కొకరు, యుద్ధమున కొకరుగా ముగ్గురు కృష్ణులను నిలుపుట ఆచారమైనది. క్రొత్తగా చూచువారికిది వింతగా తోచును. మనవారికి కంటికి కూడ ఆనదు.

ఇక పద్యము సంగతి. మైకులేని దినములలో గొంతు పందిరి చివర కూర్చున్న ముసలమ్మవరకు పోవలసియుండెను. ఎంత హెచ్చు శ్రుతిలో పాడిన అంత దూరము వినబడును. నాలుగవ పాదము కొసన రాగమును సాగదీసినచో వెనుకవారును చప్పట్లు కొట్టుదురు. ఆనాటికది అవసరము. మైకు వచ్చినది, అవసరము పోయినను అలవాటు పోలేదు. అర నిమిషములో ముగియు పద్యమునకు నాలుగు నిమిషముల రాగము తోడగుచున్నది. ఒకటిన్నర శ్రుతిలో హాయిగా పాడువాడు నాలుగు శ్రుతి కెక్కబోయి గొంతు పగులగొట్టుకొనుచున్నాడు.

నాకు రాగముపై ద్వేషము లేదు. రాగము లేనిచో ఇది పద్యనాటకమే కాదు. అయితే పడకసీను చూడుడు. తలకడ దుర్యోధనుడు, కాళ్లకడ అర్జునుడు. ముందు వచ్చినది ఒకడు, ముందు కనబడినది మరియొకడు. కృష్ణుడచట చేయునది పంపకము. ఆయుధము పట్టని తానొక ప్రక్క, సేన యంతయు నొక ప్రక్క. ఒక్క మాట జారినను శ్రోతకు బేరము తెలియదు. మీలో పొలము తగవులు తీర్చినవారు కలరు. పెద్దమనిషి మాట ఎంత తూచి పలుకునో మీకు నేను చెప్పవలెనా? వృత్తపద్యమున వాక్యము పాదము చివర ఆగదు, తరువాతి పాదములోనికి పారును. పాదము చివర ఊపిరి తీసికొన్నచో మాట నడుమకు విరుగును. కావున మా సమాజమున తొలి నెల హార్మోనియము పెట్టెను తెరవము. పద్యమును వచనమువలె చదివి, అర్థము చెప్పి, ఎచట ఆగవలెనో బొగ్గుతో గోడమీద గీతలు గీయుదుము. రాగము రెండవ నెలలో.

ఈ పద్ధతి మాకు తెలివివలన రాలేదు, తప్పువలన వచ్చినది. ఒక యేడు మా యూరి వడ్రంగి రాయబారపు కృష్ణుడుగా మూడు నెలలు సాధన చేసెను. గొంతు పెద్దది కాదు. మాట మాత్రము ముత్యము. పండుగ వారము రోజులున్నదనగా, పేరున్న నటుడు రానిచో చందాలు రాలవని కొందరనిరి. లెక్క చూచి చెప్పుమని నన్నడిగిరి. నేను సరేయంటిని. చందాలో సగము ఆ నటునికే పోయినది.

ఆయన చీకటిపడిన తరువాత వచ్చి, ఎవరితోను ఒక్క మాటైన సరిచూచుకొనక రంగమెక్కెను. గొంతు అద్భుతము, కాదనలేను. ఒకే పద్యమునకు మూడు మారులు వన్స్ మోర్. దుర్యోధన వేషములోని మా బడిపంతులు బదులు చెప్పుటకు గద భుజముననుంచుకొని నిలిచి నిలిచి, తుదకు సింహాసనముపై కునుకు తీసెను. యుద్ధసీను రాకమునుపే తెల్లవారెను. జనము పాలు పిదుకుకొనుటకు లేచిపోయిరి. అర్జునుని దుఃఖము చూచుటకు మిగిలినది పందిరివారును నేనును.

ఆ రాత్రియంతయు తెరత్రాడు లాగినది ఆ వడ్రంగియే. తెల్లవారిన పిదప త్రాడు చుట్టి నా చేతికిచ్చి, "లెక్క సరిపోయినదా, బాబుగారూ?" అని యడిగి వెడలిపోయెను. అటుపిమ్మట సాధనకు రాలేదు. పెద్దలు కబురు పంపిరి, పని యున్నదనెను. చందా సరిపోయినట్లే నా పుస్తకమున నున్నది.

ఈ యేడు ముగ్గురు కృష్ణులును ఊరివారే కావలెనని తీర్మానించితిమి. మైకును మనిషికి జానెడు దూరమున నుంచి, హార్మోనియమును గొంతునకు తగ్గించి, ఏ పద్యమునకును రెండవ మారు లేదని ముందే చాటింపు వేయింతుము. ఇది కొందరికి రుచింపదు. వన్స్ మోర్ లేని నాటకము తాంబూలము లేని భోజనమట. కావచ్చును.

మొన్న నేనే ఆ వడ్రంగి యింటికి పోయితిని. తలుపుచట్టము చిత్రిక పట్టుచుండెను. సంగతి చెప్పితిని. చాలసేపు చేయి ఆపలేదు. పిదప తలయెత్తక యడిగెను: "పెట్టె ఒకటిన్నరకే గదా?"