నింగికి లెక్కగట్టే ఏర్పేడు

రేణిగుంట దాటి శ్రీకాళహస్తికి పోయే దారిలో ఉంటుంది ఏర్పేడు. మలయాళస్వామి 1926లో నెలకొల్పిన వ్యాసాశ్రమం ఉన్న ఊరుగా చాలామందికి తెలుసు. 2015 మార్చి 28న ఈ మండలంలోనే తిరుపతి ఐఐటీకి, ఐసర్‌కు పునాదిరాళ్లు పడ్డాయి. తూర్పున సముద్రపు ఒడ్డున శ్రీహరికోట, తిరుపతికి అవతల గాదంకి. ఒకచోట రాకెట్లు ఎగురుతాయి, ఇంకోచోట రాడార్‌తో ఆకాశాన్ని పరీక్షిస్తారు. ఆ రెంటి నడుమ ఏర్పేడులో సాగే పని టీవీల్లో కనిపించేది కాదు.

ఉపగ్రహం కక్ష్యలోకి చేరగానే చప్పట్లు కొట్టి లేచిపోతాం. దాని అసలు కొలువు అప్పుడే మొదలవుతుంది. మన నావిగేషన్ వ్యవస్థ నావిక్‌నే చూడండి. దాని తొలి ఉపగ్రహం 2013 జులై 1న వెళ్లింది. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి సంకేతం ఎంతసేపట్లో చేరిందో కొలిచి, మనం ఎక్కడున్నామో రిసీవర్ తేలుస్తుంది. కాంతి ఒక్క నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. గడియారం వంద నానోసెకన్లు తప్పితే దూరం 30 మీటర్లు తప్పినట్టే. ఆ తొలి ఉపగ్రహంలో దిగుమతి గడియారాలు చెడిపోయినప్పుడు అంత ఆందోళన కలిగింది అందుకే. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మనం తయారుచేసిన రుబీడియం అణు గడియారం ఉంది.

గడియారం బాగున్నా దారి కుదురుగా ఉండాలి. వాతావరణపు పై పొర అయనోస్ఫియర్‌లోని ఎలక్ట్రాన్లు సంకేతాన్ని ఆలస్యం చేస్తాయి. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. ఎల్5, ఎస్ బ్యాండ్లు రెంటిలోనూ సంకేతాలు పంపితే, వాటి తేడాను బట్టి ఆ ఆలస్యం ఎంతో లెక్క తేలుతుంది. మన దక్షిణాదికి ఇంకో చిక్కుంది. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర్లో ఉండటంతో పొద్దుగూకాక ప్లాస్మా బుడగలు పైకి లేచి సంకేతాలను చెదరగొడతాయి. 1,024 యాంటెన్నాలతో, 53 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే గాదంకి రాడార్ వీటిని ఏళ్లుగా గమనిస్తోంది. ఎస్వీ యూనివర్సిటీ పరిశోధకులు ఎందరో ఆ రాడార్ సమాచారంతోనే డాక్టరేట్లు చేశారు. ఎక్కడో చలిదేశాల ఆకాశానికి కట్టిన లెక్క మనకు చాలదు. మన నింగిని మనమే కొలుచుకోవాలి.

ఐఐటీలోని నవావిష్కార్ ఐ-హబ్ ఎంచుకున్న రంగం సరిగ్గా ఇదే: స్థాన నిర్ధారణ, కచ్చితత్వానికి సంబంధించిన సాంకేతికత. కేంద్రం 2018లో ఆమోదించిన సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ మిషన్ కింద దేశంలో వచ్చిన 25 హబ్‌లలో ఇదొకటి.

ఐసర్ చూపు ఇంకా దూరం. అక్కడి ఖగోళ శాస్త్రవేత్త జెస్సీ జోస్ నక్షత్రాలు పుట్టే మేఘాల్లో బ్రౌన్ డ్వార్ఫ్‌లను వెతుకుతారు. నక్షత్రంలా వెలగడానికి చాలినంత బరువు లేనివి అవి. వాటి వాతావరణంలో నీటి ఆవిరి ఉంటుంది. ఆ ఆవిరి గుర్తును పట్టే 1.45 మైక్రాన్ల ప్రత్యేక ఫిల్టర్‌ను హవాయిలోని టెలిస్కోపుకు అమర్చి, ఆమె, సహచరులు సెర్పెన్స్ సౌత్ మేఘాన్ని గాలించారు.

మళ్లీ నావిక్ దగ్గరికి వద్దాం. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం జరిగింది. రాకెట్ తన పని చేసింది, కానీ అది మోసుకెళ్లిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఉపగ్రహాలు తక్కువగా ఉన్నప్పుడు అందే ప్రతి సంకేతమూ విలువైనదే. శ్రీకాళహస్తి, పుత్తూరు, నాయుడుపేట డిగ్రీ కాలేజీల మిద్దెల మీద ఒక్కో నావిక్ రిసీవర్ పెట్టి, సాయంత్రాల చెదురును మన పిల్లలతోనే నమోదు చేయించవచ్చు. దానికి ఐఐటీ, గాదంకి చేయి కలిపితే చాలు.