డ్రిప్ మిగిల్చిన నీళ్లు ఎటు పోతున్నాయి?

ఉమ్మడి ప్రకాశం జిల్లా వెలిగండ్ల వైపు బోరు రైతును కదిపితే మాటలు అడుగుల్లో మొదలై ఇంచుల్లో ఆగుతాయి: ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయి, ఎన్ని ఇంచులు పోస్తోంది. వాన తప్పితే బోరే దిక్కైన మెట్ట ఇది. ఇలాంటి చోట డ్రిప్ చేసే మేలు లెక్కవేస్తేనే తెలుస్తుంది. ఎకరంలో అంగుళం ఎత్తున నీళ్లు నిలపాలంటే లక్ష లీటర్ల పైమాటే. అదే ఎకరంలో 110 బత్తాయి చెట్లుండి, చెట్టుకు గంటకు 8 లీటర్లిచ్చే డ్రిప్పర్లు నాలుగు పెట్టి రెండు గంటలు వదిలితే ఏడు వేల లీటర్లు సరిపోతాయి. రోజు మార్చి రోజు పెట్టినా పది రోజులకు 35 వేలు.

ఉప్పు నీళ్లయితే డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లటి పొర కడుతుంది. పైకి పైపు బాగానే కనిపిస్తుంది, సాలు చివరి మొక్కలు మాత్రం వాడిపోతుంటాయి. ఫిల్టర్‌కు ముందూ వెనకా ఉండే ప్రెజర్ మీటర్లలో తేడా పెరిగిందంటే ఫిల్టర్ కడగాలి. అప్పుడప్పుడు పైపు చివర మూత విప్పి నీళ్లు వదలాలి. పొర గట్టిపడితే పలచని యాసిడ్ ఎక్కించాలి. సబ్సిడీ మీద సామాను రావడం ఒక ఎత్తు, ఈ చాకిరీ ఇంకో ఎత్తు.

అసలు చిక్కు నీళ్లు మిగిలాకే. రెండెకరాలు తడిపే బోరు డ్రిప్ పెట్టాక నాలుగెకరాలు తడుపుతుంది. రైతు రాబడి పెరుగుతుంది, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ భూమిలోంచి తోడేది తగ్గలేదు. పైగా చేలో కాలువలు తీసి పారించినప్పుడు కొంతైనా నేలలోకి ఇంకేది, ఇప్పుడు అదీ లేదు. వ్యవసాయ కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఆపమని బిల్లూ చెప్పదు.

దీనికి మందు మన జిల్లాలోనే ఒకసారి వాడి చూశారు. 2003 తర్వాత ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ ప్రాజెక్టు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతిక సాయం చేసింది. రైతులు వాన కొలిచారు, ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం చూసి ఊళ్లో గోడ మీద రాసిపెట్టారు. రబీకి ముందు కూర్చుని ఎంత నీరుంది, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్క కట్టారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ శాసించలేదు, ఎవరి నిర్ణయం వారిదే. నా మట్టుకు నాకు డ్రిప్ కన్నా ఇదే పెద్ద సాంకేతికత. పక్క చేలో బోరూ మన బోరూ తాగేది ఒకే నీళ్లని గోడ మీది అంకెలు చెప్పినంతగా అధికారి ఉపన్యాసం చెప్పలేదు. ఒక్కరు లెక్క పాటించి పది మంది తోడితే మాత్రం ఫలితం ఉండదు. అందుకే డ్రిప్‌కు దరఖాస్తు ఒక్కొక్కరు పెట్టుకోవచ్చు గానీ, ఈ లెక్క ఊరంతా కూర్చుంటేనే తేలుతుంది.