సున్నితపు రాళ్లు – కంసాలి పనిముట్లు

శాంతిపురము వంటి గ్రామములలో కంసాలి కొలిమి తరతరములుగా ఊరికి అవసరమైనదే. పుస్తెలు, కమ్మలు, ముక్కుపుడకలు, ఉంగరములు ఇవన్నియు ఆ కొలిమి వద్దనే రూపు దాల్చెడివి. ఇప్పుడు కుప్పము, పుంగనూరు, మదనపల్లె పట్టణములలోని దుకాణములు నగలను సిద్ధముగా అమ్ముచుండుటచే, పల్లె కంసాలికి మిగిలిన పనిలో ముఖ్యమైనది పాతనగల మరమ్మతు. వదులైన రాయిని తిరిగి బిగించుట, ఊడిన పగడమును మరల పొదుగుట వంటివి అతని చేతికి వచ్చుచున్నవి.

ఇచటనే ఒక చిక్కు కలదు. బిగించునపుడు రాయి చిట్లినచో నష్టమెవరిది? కూలి పది రూపాయలైనను వందయైనను రాయి వెల దానికి ఎన్నో రెట్లు. అమ్మమ్మ నాటి పచ్చ పగిలినదని ఇంటివారు, ముందే బీట ఉన్నదని పనివాడు వాదులాడుకొందురు. తగవు చివరకు పంచాయతీ సభ్యుల ముంగిటికి చేరును. ఇట్టి నష్టములలో చాలావరకు పనిముట్టును రాతికి తగినట్లు మార్చుకొనకపోవుటవలన కలుగునవి. స్వల్పవ్యయముతో వీనిని నివారింపవచ్చును.

రాళ్లన్నియు ఒక్కటి కావు

రాతి గట్టిదనమును 1 నుండి 10 వరకు గల మోహ్స్ కొలమానముతో చెప్పుదురు. వజ్రము 10, కెంపు, నీలము 9, పచ్చ 7.5 నుండి 8. చంద్రకాంతము సుమారు 6. పగడము 3 నుండి 4 మాత్రమే, ముత్యము 2.5 నుండి 4.5. ఉక్కు ఆకురాయి సుమారు 6.5 గట్టిదనము గలది గనుక పగడమును, ముత్యమును తాకిన మాత్రముననే గీయును. మన వీధి దుమ్ములోని పలుగురాతి పొడి గట్టిదనము 7. దుమ్ముగుడ్డతో తుడిచిన ముత్యము మెరుపు తగ్గుటకు కారణమిదియే.

గట్టిదనము వేరు, పగులని గుణము వేరు. వజ్రము అన్నిటికంటె గట్టిదైనను ఒక దిశలో దెబ్బ తగిలిన చీలును. చంద్రకాంతమును అట్లే చీలును. పచ్చలోపల సహజముగా సన్నని బీటలుండును. వానిని కప్పుటకు తరచు నూనె పట్టింతురు. వేడి తగిలిన ఆ నూనె పోయి బీటలు బయటపడును. ముత్యము, పగడము సున్నపుజాతి పదార్థములు. ఆమ్లము సోకిన కరగును.

కావున మొదటి నియమము: అతుకు వేయుట, ఆమ్లములో ముంచుట, ఆకురాయి పట్టుట అన్నియు ముగిసిన తరువాతనే రాయిని పొదుగవలెను. మరమ్మతునకు వచ్చిన నగలో అతుకు వేయవలసియున్నచో ముందు రాయిని తీయవలెను.

పూర్వుల పద్ధతి

కుందనపు పనిలో మేలిమి బంగారపు రేకును రాయి చుట్టు పొరలు పొరలుగా చేర్చి, నిప్పు లేకుండ చేతి ఒత్తిడితోనే బిగింతురు. మేలిమి బంగారము మెత్తనిది గనుక రాతిపై బరువు పడక, లోహమే వంగి రాయిని పట్టుకొనును. లోహము రాతికి లొంగవలెను గాని రాయి లోహమునకు లొంగరాదు. పనిముట్ల మార్పునకు ఈ సూత్రమే ఆధారము.

మార్చుకొనవలసిన పనిముట్లు

పట్టకారు: దవడలలోని పళ్లను ఆకురాయితో అరగదీసి నున్నచేసి, అంచులను గుండ్రపరచవలెను. వానికి పలుచని తోలుగాని రాగిరేకుగాని తొడిగినచో నగపై గాటు పడదు.

ఒత్తుడు కడ్డీ: రాయి చుట్టునున్న పలుచని బంగారు గోడను లోనికి వంచునది ఇదియే. మెత్తని రాళ్లకు ఉక్కు బదులు ఇత్తడి కడ్డీని వాడుట మేలు. కొనను చదునుచేసి, మూలలు తీసి మెరుగుపెట్టవలెను. అరచేతిలో ఇమిడెడు గుండ్రని కొయ్యపిడి అమర్చి, బొటనవ్రేలు కొనకు దగ్గరగా ఆనునట్లు కడ్డీని పొట్టిగా కోయవలెను. పొడవైన కడ్డీ జారును. జారిన కడ్డీయే రాయిని పగులగొట్టును. కాళ్లవలె నిలిచిన పట్టులను వంచుటకు కొనలో చిన్న గాడి తీసినచో, పట్టు ఆ గాడిలో నిలిచి కడ్డీ రాతిపైకి జారదు.

కొయ్య బిగింపు: లక్కను కరగించి నగను నిలుపుట వాడుక. కాని ఆ వేడి పచ్చకు, ముత్యమునకు చేటు. ఉంగరమునకైనచో రెండు కొయ్యముక్కలను నడుమ ఇనుప వలయముతో కలిపి, ఒక కొనకు తోలు అంటించి, రెండవ కొనలో మేకు కొట్టిన చాలును. దీనిని ఊరి వడ్రంగియే చేయగలడు.

మైనపు పుల్ల: తేనెమైనములో బొగ్గుపొడి కలిపి పుల్లకొనకు అంటించినచో చిన్నరాయిని దానితో ఎత్తి గూటిలో పెట్టవచ్చును. ఉక్కు చిమటా పట్టులో రాయి ఎగిరిపోవు బాధ తప్పును.

బిగించునపుడు గూటిలో రాయి ఊగకుండ సమముగా కూర్చున్నదో లేదో చూడవలెను. నలుచదరపు రాతి మూలలు లోహమును తాకకుండ గూటి మూలలలో కొంచెము చోటు తీయవలెను. ఒకవైపు పూర్తిగా ఒత్తి పిదప మరొకవైపునకు పోరాదు. తూర్పున ఒత్తిన వెంటనే పడమర, ఉత్తరమున ఒత్తిన వెంటనే దక్షిణము, కొంచెము కొంచెముగా ఒత్తవలెను.

పంచాయతీ చేయదగినది

స్వర్ణకారులు ఇదివరలో పెక్కు కష్టములను చూచినవారు. 1963లో వచ్చిన బంగారు నియంత్రణ ఎందరి జీవనమునో దెబ్బతీసినది. 1968 నాటి నియంత్రణ చట్టము 1990లో రద్దయ్యెను. సరిహద్దుకావలి కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. ఇన్నిటిని దాటి నిలిచిన చేతిపనిని నిలుపుకొనుట మన బాధ్యత.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమై 2027-28 వరకు ఉద్దేశింపబడిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములో చేర్చిన 18 వృత్తులలో స్వర్ణకార వృత్తియు, వడ్రంగమును ఉన్నవి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, శిక్షణకాలములో దినమునకు 500 రూపాయల భృతి, హామీ లేకుండ 5 శాతము వడ్డీకి మొదట లక్ష, పిదప రెండు లక్షల రూపాయల వరకు ఋణము ఇందులో గలవు. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామపంచాయతీ స్థాయిలోనే జరుగును. కావున నిజముగా పనిచేయువాని దరఖాస్తు ఆలస్యమై పోకుండ చూచుట సభ్యుల చేతిలోనే ఉన్నది.

మరియొక చిన్న ఏర్పాటును మేము సూచించుచున్నాము. నగను అప్పగించునపుడే పదిరెట్లు పెద్దది చేసి చూపు భూతద్దముతో ఇరువురును రాయిని చూచి, ఉన్న బీటను, గీతను కాగితముపై వ్రాసి సంతకములు చేసికొనవలెను. పనికి ముందు ఈ కాగితము, పనిలో తోలు తొడిగిన పట్టకారు ఉన్నచో అమ్మమ్మ పచ్చయు నిలుచును, ఇంటివారికి కంసాలిపై గల నమ్మకమును నిలుచును.