సముద్ర చిత్రకారుడు ఐవజోవ్‌స్కీ

మసిబొగ్గు చేత చిక్కినచో గోడమీద బొమ్మ గీయని బాలుడుండడు. గీసినవానిని మందలింపని ఉపాధ్యాయుడును అరుదు. నేనును పలుమారులు మందలించితిని. కాని సున్నము కొట్టిన గోడలపై బొగ్గుతో బొమ్మలు గీసిన ఒక బీదబాలుని చరిత్రము చదివిన పిమ్మట, నోరు తెరచుటకు ముందు ఆ బొమ్మను ఒకసారి తేరిపార చూచుట నాకు అలవాటైనది.

ఆ బాలుడే ఇవాన్ ఐవజోవ్‌స్కీ. ఇతడు 1817వ సంవత్సరము జూలై 29వ తేదీన నల్లసముద్రపు ఉత్తరతీరమున, క్రిమియా ద్వీపకల్పమునందలి ఫియొడోసియా అను చిన్న రేవుపట్టణములో జన్మించెను. నాడు క్రిమియా రష్యా సామ్రాజ్యములోనిది. తలిదండ్రులు ఆర్మీనియా జాతీయులగు క్రైస్తవులు. తండ్రి వర్తకుడు, వ్యాపారము చెడి బీదవాడయ్యెను. జ్ఞానస్నానకాలమున బిడ్డకు హోవన్నెస్ అని పేరిడిరి. అది మన యోహాను అను పేరే.

గోడలమీది బొమ్మలను గాంచి కోఖ్ అను భవనశిల్పి కోపపడలేదు. బాలుని పిలిచి కాగితములును రంగులును ఇచ్చెను. పట్టణాధికారియగు కజ్నచేయెవ్ చదువునకు దారి చూపెను. ఇట్టి పెద్దల దయవలన అతడు 1833లో సెంట్ పీటర్స్‌బర్గు నందలి కళాపరిషత్తు పాఠశాలలో చేరి, 1837లో బంగారు పతకము నొందెను.

పిదప దేశసంచారము మొదలయ్యెను. 1840లో ఇటలీకి పోయెను. వెనిస్ నగరము చెంత సాన్ లజ్జారో అను దీవిలో ఆర్మీనియా మఠమొకటి కలదు. చిన్ననాడే ఇల్లు విడిచి అచ్చట చేరి సన్న్యాసియైన అన్న గాబ్రియేలును ఐవజోవ్‌స్కీ మరల కలిసికొనెను. ఆదికాండపు మొదటి వచనములలోని అగాధజలములను, చీకటిని చీల్చు వెలుగును అతడు 1841లో చిత్రింపగా, పదునారవ గ్రెగొరి పోపుగారు ఆ పటమును గైకొనిరి. తరువాతికాలమున అది సాన్ లజ్జారో మఠమునకే చేరినది.

1844లో స్వదేశమునకు రాగా ప్రభుత్వమువారు అతనిని నౌకాదళపు చిత్రకారునిగా నియమించిరి. మరుసటి యేట సేనాని లిట్కేతో ఓడ నెక్కి కాన్‌స్టాంటినోపిలును, ఏజియన్ సముద్రపు దీవులను, చిన్న ఆసియా తీరమును చూచెను. 1869లో సూయజ్ కాలువ ప్రారంభోత్సవమునకు వెళ్లెను. 75వ యేట అట్లాంటిక్ మహాసముద్రమును దాటి అమెరికాకు పోయి నయాగరా జలపాతమును చూచి చిత్రించెను.

ఇన్ని సముద్రములు చూచినవాడు సముద్రమునకెదురుగా కూర్చుండియే చిత్రించెనని తలతుము. అట్లు కాదు. ఒడ్డున పెన్సిలుతో కొలదిపాటి గీతలు గీసికొని, చిత్రమును గదిలో వ్రాయుటయే అతని పద్ధతి. ఫియొడోసియాలోని అతని గృహము సముద్రతీరముననే యున్నను, పనిచేయు గది కిటికీ లోపలి ముంగిటివైపున కుండెడిది. కారణము విచారింపుడు. మెరుపు నిలువదు, అల యెవరికొరకును ఆగదు. కుంచె యెత్తులోగా అది విరిగిపోవును. కనుక చిత్రకారుడు కన్నులార చూచి, మనసున నిలిపికొని, తరువాత వ్రాయవలెనని అతని మతము. కంఠస్థము చేయుట చెవికి నోటికి మాత్రమే కాక కంటికి గూడ కలదని దీనివలన తెలియుచున్నది. ఇట్లు అతడు జీవితకాలములో సుమారు 6,000 చిత్రములు వ్రాసెను.

వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1850లో వ్రాసిన “తొమ్మిదవ అల.” వరుసగా వచ్చు అలలలో తొమ్మిదవది అన్నిటికంటె భయంకరమైనదని నావికుల నమ్మకము. పటము వెడల్పు సుమారు 11 అడుగులు, ఎత్తు 7 అడుగులు. రాత్రి తుపానులో ఓడ మునిగినది. కొందరు విరిగిన తెరచాపకొయ్యను పట్టుకొని వ్రేలాడుచున్నారు. పెద్ద అల పైకి లేచుచున్నది. కాని వెనుక సూర్యుడుదయించుచున్నాడు. పలుచని రంగులను పూతమీద పూతగా వేయుటచే అలలోనుండి వెలుగు దూరి వచ్చుచున్నట్లు కనబడును. ఆ మనుష్యులు బ్రదుకుదురా లేదా యని చిత్రకారుడు చెప్పలేదు. తెల్లవారినదని మాత్రము చెప్పినాడు.

రాజధానిలో సుఖముగా నుండగలిగియు ఇతడు తన చిన్న పట్టణమునకే తిరిగివచ్చి, అచ్చటనే ఇల్లు కట్టుకొనెను. 1871లో పురావస్తుశాలను కట్టించెను. 1880లో తన ఇంట చిత్రశాలను తెరచి, దానిని పట్టణమునకే వ్రాసియిచ్చెను. అయితే ఆ ఊరి ప్రజలకు చిత్రములకంటె ముందు కావలసినది వేరొకటి యుండెను. ఎదుట అంతులేని సముద్రము. త్రాగుటకు నీళ్లు లేవు. ఏటేట జనులు పడు బాధను ఇక చూడజాలనని చెప్పి, ఐవజోవ్‌స్కీ తన భూమిలోని సుబాష్ ఊటనుండి దినమునకు 50,000 బకెట్ల నీటిని, అనగా సుమారు 6 లక్షల లీటర్లను, పట్టణమునకు శాశ్వతముగా దానమిచ్చెను. 1888లో గొట్టములగుండ ఆ నీరు ఊరు చేరెను. అతడు తన సొమ్ముతో కట్టించిన నీటిమండపము నేటికిని అచ్చట నిలిచియున్నది.

టర్కీ సుల్తానులు అతనిచే చిత్రములు వ్రాయించుకొని పతకములిచ్చి సత్కరించియుండిరి. 1894 మొదలు 1896 వరకు ఆ రాజ్యములో ఆర్మీనియనుల వధ జరుగగా, అతడు ఆ పతకములను సముద్రములో పారవేసెనని చెప్పుదురు. 1900వ సంవత్సరము మే 2వ తేదీన మరణించునాటికి ఒక చిత్రము సగములో నిలిచియుండెను. తాను జ్ఞానస్నానము పొందిన దేవాలయపు ఆవరణముననే అతనిని సమాధి చేసిరి.

విద్యార్థులారా, మీలో అనేకులు చదువు ముగించి దూరదేశములకు పోవుదురు. పోవలసినదే, ఐవజోవ్‌స్కీయు పోయెను. కాని ఏ గోడలపై మీరు తొలుత బొగ్గుతో గీసితిరో ఆ గోడలు గల ఊరిని మరువకుడు. త్రాగరాని నీటిని చిత్రించి ధనము గడించిన ఒకడు, ఆ ధనముతో తన వారికి త్రాగు నీరిచ్చెను. మీ ఊరికి ఏది కొరతయో మీరే యెరుగుదురు.