సంగీత పత్రికల ముఖపత్ర పునారచన: రీతి, ఔచిత్యం

వ్యాససంగ్రహం

ఒక సంగీత పత్రిక ముఖపత్రాన్ని మార్చవలసి వచ్చినప్పుడు దేనిని నిలుపుకోవాలి, దేనిని విడిచిపెట్టాలి అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఆ నిర్ణయానికి ఆధారం రూపకర్త అభిరుచి కాదు, పత్రిక ఆశ్రయించిన సంగీతరీతి అని బ్రిటన్, అమెరికా పత్రికల ఉదాహరణలతో వివరించడం దీని ప్రధాన లక్ష్యం. ఆ సూత్రాన్ని తెలుగు లిపికి అన్వయించేటప్పుడు ఎదురయ్యే పరిమితులను సూచించడం అనుబంధ లక్ష్యం.

కీలకపదాలు: ముఖపత్రం, సంగీతరీతి, ఔచిత్యం, లోగో, అక్షరరూపం, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

సాహిత్య పత్రిక ముఖపత్రం మీద ఒక కవితాపంక్తిని అచ్చువేస్తే పాఠకునికి లోపలి వస్తువు రుచి కొంత తెలుస్తుంది. సంగీత పత్రికకు ఆ సౌలభ్యం లేదు. వినవలసినదాన్ని అది చూపించవలసి ఉంటుంది. నాదానికి బదులుగా అక్షరం, వర్ణం, ఛాయాచిత్రం, ఖాళీస్థలం పనిచేయాలి. అందువల్ల సంగీత పత్రిక ముఖపత్రంలో ప్రతి అంగమూ ఏదో ఒక రీతిని సూచిస్తూనే ఉంటుంది. రూపకర్త ఉద్దేశించకపోయినా సూచన మాత్రం తప్పదు.

11వ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో ఔచిత్యాన్ని కావ్యానికి జీవితంగా ప్రతిపాదించాడు. తగిన చోట ఉన్నప్పుడే అలంకారం అలంకారమవుతుందన్నది ఆయన వాదసారం. ముఖపత్ర పునారచనను పరిశీలించడానికి ఈ దృష్టి ఉపకరిస్తుంది. కొత్త రూపం అందంగా ఉందా అన్న ప్రశ్న కంటే, ఆ అందం ఈ సంగీతానికి తగినదా అన్న ప్రశ్న ముందు రావాలి.

2. అక్షరమే నాదమైన సందర్భం: ‘కెర్రాంగ్!’

1981 జూన్‌లో బ్రిటన్‌లోని ‘సౌండ్స్’ వారపత్రికకు అనుబంధంగా ‘కెర్రాంగ్!’ వెలువడింది. అప్పటికి ఉధృతంగా ఉన్న బ్రిటిష్ హెవీ మెటల్ సంగీతం దాని వస్తువు. ఏసీ/డీసీ బృందానికి చెందిన గిటారిస్టు ఆంగస్ యంగ్ తొలి సంచిక ముఖపత్రం మీద కనిపించాడు. పత్రిక పేరు నిఘంటువులోని మాట కాదు. ఎలక్ట్రిక్ గిటారు తీగలను ఒక్కసారిగా బలంగా మీటినప్పుడు పుట్టే ధ్వనికి అది అనుకరణ శబ్దం.

లోగోలోని మందమైన పెద్ద అక్షరాలు పగుళ్లు వారినట్లు కనిపిస్తాయి. చివర ఆశ్చర్యార్థకం ఉంటుంది. ధ్వని తీవ్రతకు అక్షరమే బీటలు వారిందన్న భావన చూపరికి కలుగుతుంది. ఇక్కడ అక్షరం పత్రిక పేరును తెలపడంతో ఆగక సంగీత స్వభావాన్ని అభినయిస్తున్నది. ఇటువంటి పత్రికకు పునారచన చేసే రూపకర్త ఛాయాచిత్ర శైలిని, వర్ణాలను, శీర్షికల అమరికను ఎంతైనా మార్చవచ్చు. ఆ పగులును తీసివేసి నునుపైన సన్నని అక్షరాలను పెడితే మాత్రం రీతి చెదిరిపోతుంది.

3. మార్పులో నిలకడ: ‘రోలింగ్ స్టోన్’

1967 నవంబరు 9 తేదీతో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘రోలింగ్ స్టోన్’ తొలి సంచిక వచ్చింది. దాని లోగోను గీసిన రిక్ గ్రిఫిన్ ఆ నగరంలోని సైకెడెలిక్ సంగీత కచేరీల పోస్టర్ల చిత్రకారుడు. అందువల్ల ఆ అక్షరాల వంపుల్లో నాటి పోస్టర్ల వాసన ఉంది. గోడమీది పోస్టరునూ చేతిలోని పత్రికనూ ఒకే శ్రోతృవర్గానికి చెందినవిగా ఆ అక్షరాలు గుర్తింపజేశాయి.

కాలక్రమంలో రాక్ సంగీతం యువజనుల తిరుగుబాటు నుంచి ప్రధాన స్రవంతికి చేరింది. పత్రిక కూడా 1977లో న్యూయార్క్‌కు తరలింది. 1981లో జిమ్ పార్కిన్సన్ లోగోను సంస్కరించి తీర్చిదిద్దాడు. పాత అక్షరాల కుదురు మాత్రం పోలేదు. మారిన పత్రికను పాత పాఠకుడు గుర్తుపట్టగలిగాడు.

అదే ఏడాది జనవరి 22 సంచిక ఈ పత్రిక ముఖపత్ర చరిత్రలో ముఖ్యమైనది. జాన్ లెనన్ హత్యకు గురైన రోజునే అనీ లీబోవిట్జ్ తీసిన లెనన్, యోకో ఓనోల ఛాయాచిత్రాన్ని ఆ సంచిక మీద అచ్చువేశారు. లోపలి వ్యాసాల శీర్షికలేవీ దానిపై ఇవ్వలేదు. లోగో, చిత్రం మాత్రమే మిగిలాయి. ఆ మౌనం సందర్భానికి ఉచితమైంది. తొలగించడం కూడా రచనలో భాగమేనని ఈ ఉదాహరణ చెబుతుంది.

పత్రిక పరిమాణం కూడా అర్థాన్నిస్తుంది. 2008 అక్టోబరులో ‘రోలింగ్ స్టోన్’ తన పెద్ద పరిమాణాన్ని వదిలి ఇతర పత్రికల కొలతకు కుదించుకొన్నది. 2018లో మాసపత్రికగా మారినప్పుడు మళ్లీ పెద్ద పరిమాణాన్ని స్వీకరించింది. వరుసలో ఇమడడం ఒక ప్రయోజనం, వరుసలో వేరుగా కనబడడం మరొక ప్రయోజనం. ఈ రెండింటి మధ్య పత్రిక ఊగిసలాడినట్లు ఈ మార్పులను బట్టి గ్రహించవచ్చు.

4. అస్థిరతే రీతి అయినప్పుడు: ‘రే గన్’

లోగోను నిలపాలన్న సూత్రానికి అపవాదం కూడా ఉంది. 1992లో అమెరికాలో ఆరంభమైన ‘రే గన్’ ప్రత్యామ్నాయ రాక్ సంగీత పత్రిక. దాని కళాదర్శకుడు డేవిడ్ కార్సన్ పత్రిక పేరునే సంచిక సంచికకూ కొత్త రూపంలో అచ్చువేశాడు. ఒక దశలో బ్రయాన్ ఫెర్రీ ముఖాముఖిని అక్షరాలకు బదులు గుర్తులుండే డింగ్‌బ్యాట్ ఖతిలో కూర్చాడు. దానిని చదవడం అసాధ్యం. స్థిరపడిన రూపాలను ధిక్కరించడమే ఆ సంగీతరీతి లక్షణం కనుక ఆ పాఠకులకు అస్థిరతే గుర్తింపు చిహ్నమైంది. ఇదే పద్ధతిని శాస్త్రీయ సంగీత పత్రికలో అనుసరిస్తే అనౌచిత్యమవుతుంది.

5. రీతి సడలినప్పుడు: ‘ఎన్.ఎం.ఇ.’

1952లో ప్రారంభమైన బ్రిటిష్ వారపత్రిక ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ ఆ ఏడాది నవంబరులోనే ఆ దేశపు తొలి సింగిల్స్ జాబితాను ప్రచురించింది. తరువాతి దశాబ్దాల్లో పంక్, ఇండీ సంగీతాల పత్రికగా పేరుపొందింది. అమ్మకాలు క్షీణించగా 2015 సెప్టెంబరులో ఉచిత పత్రికగా మారి, మూడు లక్షలకు పైగా ప్రతులతో రైల్వే స్టేషన్లలోనూ విశ్వవిద్యాలయాల్లోనూ పంపిణీ అయింది. ఉచిత పత్రిక తొలి ముఖపత్రం మీద పాప్ గాయని రిహానా కనిపించింది.

ప్రయాణికులందరికీ పంచవలసిన పత్రిక ఒక రీతికి కట్టుబడి ఉండలేదు. సంగీతంతోపాటు సినిమా, ఫ్యాషన్ వంటి విషయాలకూ అందులో చోటు విస్తరించింది. 2018 మార్చిలో వారపత్రిక ముద్రణ ముగిసింది. ముద్రణ వ్యయం, ప్రకటనల విపణిలోని ఇబ్బందులు అందుకు కారణాలు. ఆ పతనాన్ని ముఖపత్రానికి ఆపాదించడం సరికాదు. అయినా ఈ ఉదాహరణ ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. పాఠకవర్గం మారితే ముఖపత్రం మారక తప్పదు. అందరినీ పిలిచే ముఖపత్రం మాత్రం తనవారిని ప్రత్యేకంగా పిలవలేదు.

6. తెలుగు లిపికి అన్వయం

పై ఉదాహరణలను తెలుగులో యథాతథంగా అనుకరించడం కుదరదు. రోమన్ పెద్ద అక్షరాలు సమానమైన ఎత్తుతో ఒక పట్టీలా నిలుస్తాయి. తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి విస్తరిస్తాయి. ‘శ్రుతి’ అన్న రెండక్షరాల పేరుకే పైనా కిందా చోటు కావాలి. కనుక తెలుగు లోగోకు ముఖపత్రంలో ఎక్కువ నిలువు స్థలాన్ని ముందే కేటాయించాలి. లేకపోతే ఛాయాచిత్రంలోని ముఖాన్ని వత్తులు కప్పివేస్తాయి.

పగుళ్ల అక్షరాలది మరింత సున్నితమైన సమస్య. ‘ప’కారంలో తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కారంలో కలిసి ఉంటుంది. ఆ కలిసే చోట పగులు గీస్తే ‘వ’ను ‘ప’గా చదివే ప్రమాదం ఉంది. ‘ర’ నడుమ చుక్క పడితే అది ‘ఠ’ను తలపిస్తుంది. అక్షరాలను వేరుచేసే చిన్న గీతలను ముందుగా గుర్తించి, వాటికి దూరంగా అలంకరణ చేయడం తెలుగు రూపకర్తకు తప్పనిసరి.

మరోవైపు తెలుగు లిపి వంపులకు సహజంగా అనుకూలిస్తుంది. బాపు (1933–2014) చేతిరాత ఖతిగా రూపొంది నేటికీ వాడుకలో ఉండడం ఇందుకు నిదర్శనం. అయితే ఆ రాతలో హాస్యం, చనువు ధ్వనిస్తాయి. లలిత సంగీతానికీ సినిమా పాటకూ అది అమరినంతగా త్యాగరాజ కృతుల ప్రత్యేక సంచికకు అమరకపోవచ్చు. కర్ణాటక సంగీత పత్రికకు నిండైన అక్షరాలు, పరిమిత వర్ణాలు, గాత్రజ్ఞుని ఏకాగ్రతను చూపే ఒకే చిత్రం చాలు. అనేక ముఖాలను కుదించి అతికించే సినిమా పత్రికల పద్ధతి అక్కడ రీతిభంగం కలిగిస్తుంది. జానపద సంగీతానికి డప్పు చిత్రాన్ని ఎన్నుకొన్నా, ఆ కళాకారుని పేరు స్పష్టంగా అచ్చువేయకపోతే ఆ చిత్రం కేవలం అలంకారంగా మిగిలి కళాకారుడు అజ్ఞాతుడవుతాడు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• ఒక్కొక్క సంగీతరీతికి ముఖపత్రంలో ఒక్కొక్క అంగం ప్రాణస్థానం. ‘కెర్రాంగ్!’కు అది అక్షరం, ‘రోలింగ్ స్టోన్’కు లోగోతో కూడిన ఛాయాచిత్రం, ‘రే గన్’కు అస్థిరత.
• పునారచనలో తొలి పని ఆ అంగాన్ని గుర్తించడం. మిగిలిన మార్పులన్నీ దాని తరువాతివే.
• పాఠకవర్గాన్ని విస్తరించే ప్రయత్నంలో రీతి సూచనలు పలచబడితే పాత పాఠకునికి పత్రిక అపరిచితమవుతుంది.
• తెలుగులో అక్షరాల అలంకరణ లిపి నిర్మాణానికి లోబడి ఉండాలి.

సంగీత పత్రికల ముఖపత్రాలు ఆయా కాలాల శ్రవణాభిరుచికి సాక్ష్యాలు కూడా. గ్రంథాలయాల్లో సంచికలను కలిపి బైండు చేసేటప్పుడు ముఖపత్రాలను తొలగిస్తే ఆ సాక్ష్యం నశిస్తుంది. తెలుగులో ఈ దిశగా పరిశోధన సాగాలంటే ముందుగా ఆ పుటలను భద్రపరచవలసి ఉంది.